అమ్మ పుట్టింటి ఇంటిపేరు

"ఈసారి నువ్వు చదువుకోవాలి" అన్నాడు వీరభద్రరావు.

ఏజెంట్ మణికుమార్ కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. సరిహద్దు దాటమన్నా, కదిలే రైల్లోంచి దూకమన్నా ఎందుకని అడిగే రకం కాదతను. చదువనేసరికి మాత్రం గుండె జారింది. డిగ్రీ గట్టెక్కిందే అంతంతమాత్రంగా.

గవర్నర్‌పేటలో హోల్‌సేల్ బట్టల కొట్టు పైన ఉన్న లాడ్జి గది అది. బయట బోర్డు మీద మూతపడిన ఏదో ట్రావెల్స్ పేరుంటుంది. లోపల కూర్చునే వీరభద్రరావు మాత్రం గూఢచారి విభాగానికి కోస్తా చీఫ్. 2005 జూన్ నెల. ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి రావడం లేదు.

చీఫ్ ఎప్పటిలాగే ముక్కలు ముక్కలుగా బ్రీఫింగ్ ఇచ్చాడు. బెంజ్ సర్కిల్ దగ్గర ఓ కాలేజీ. అందులో ఉద్యోగాలు చేసుకునే మేనేజర్ల కోసం కొత్త పీజీ కోర్సు పెట్టారు. పేరు ఇన్ఫర్మేషన్ సెక్యూరిటీ మేనేజ్‌మెంట్. శని, ఆదివారాల్లోనే క్లాసులు. డెయిరీ జనరల్ మేనేజరు, బ్యాంకు మేనేజరు, కోల్డ్ స్టోరేజీ మేనేజరు, ఇలా తలలు నెరిసిన వాళ్లంతా మళ్లీ బెంచీలెక్కారు. కంప్యూటర్లలోని సమాచారాన్ని దొంగల నుంచి ఎలా కాపాడుకోవాలో నేర్చుకుంటున్నారు. విడ్డూరమేమిటంటే, కోర్సులో చేరాకే ఒక్కొక్కరి కంప్యూటరూ దొంగలపాలవుతోంది. దోచేది, చేపలు మింగే పెలికాన్ పక్షి పేరు పెట్టుకున్న ఓ విదేశీ ముఠా.

"మేనేజర్లు వాళ్లకి వామప్ మాత్రమే" అన్నాడు చీఫ్. "అసలు టార్గెట్ మన రక్షక్ సర్వర్. తీరం పొడవునా మనకి కబుర్లు అందించే వాళ్ల పేర్లన్నీ అందులో ఉన్నాయి. అది పెలికాన్ చేతిలో పడితే వాళ్లలో ఒక్కరూ ప్రాణాలతో మిగలరు. కోస్తాలో ఆ సర్వర్ తెరిచే అకౌంటు నీ ఒక్కడిదే."

"నా కవర్ ఏమిటి సార్?"

"కొరియర్ కంపెనీ మేనేజర్‌వి. అబద్ధం అదొక్కటే. పేరు నీదే, ఊరు నీదే, ఇంటి సంగతులన్నీ నీవే. ఉన్నదున్నట్టు చెప్పు. ఇది బెజవాడ. ఇంటి విషయంలో అబద్ధమాడావంటే టీ తాగేలోపు ఎవరో చుట్టం తేలి నీ గుట్టు రట్టు చేస్తాడు."

వెళ్లేముందు చీఫ్ అతని చేతికి ఓ గడియారం కట్టాడు. మణికుమార్ అకౌంటు తలుపు ఎవరు తట్టినా అది మణికట్టు మీద వణుకుతుంది. క్లాసులో మన మనిషి ఒకామె ముందే ఉందని, కోడ్ మాటతో పలకరిస్తుందని కూడా చెప్పాడు.

మొదటి శనివారం టీ బ్రేక్‌లో ఆ పలకరింపు వచ్చింది. ముందు సెంటు వాసన వచ్చింది, దాని వెనక నిమ్మపండు రంగు షిఫాన్ చీర, నల్ల కళ్లద్దాలు వచ్చాయి.

"ఈ ఏడు కొల్లేటికి పక్షులొచ్చాయా అండీ?"

"వచ్చాయండి. ఇంకా గూళ్లు కట్టలేదు" అన్నాడు మణికుమార్, కోడ్ ప్రకారం.

ఆమె పేరు అనఘ. పైకి ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో హెచ్.ఆర్. మేనేజరు. ఆమె దగ్గరికొస్తే డెయిరీ జనరల్ మేనేజరు గారు అదే పనిగా టై సర్దుకునేవారు. పాపం, ఆయన తప్పేం లేదు.

కోర్సు చెప్పేది ప్రొఫెసర్ రమాసుందరి. గట్టి మనిషి. "తాళం పగలగొట్టే దొంగ పాతకాలం వాడండీ" అనేది ఆమె. "ఇప్పటి దొంగ తాళంచెవి ఎక్కడుందని మర్యాదగా అడుగుతాడు. మనం అంతకన్నా మర్యాదగా చెబుతాం." మేనేజర్లంతా బుద్ధిగా తలలూపి రాసుకునేవారు. రాసుకున్న చేత్తోనే టీ కప్పు పట్టుకుని మొదలుపెట్టేవారు. మీదే ఊరండీ? ఇంటిపేరు? మీ అమ్మగారు ఎవరింటి ఆడపడుచండీ? అయితే మీరు నాకు బావగారి వరస అవుతారే! వరస తేలిందాకా టీ చల్లారినా పట్టించుకునేవారు కాదు.

ఆ రోజుల్లో పాస్‌వర్డ్ మరిచిపోతే కంప్యూటరు ఓ సీక్రెట్ క్వశ్చన్ అడిగేది. దాదాపు అన్నిచోట్లా అదే ప్రశ్న: మీ అమ్మ పుట్టింటి ఇంటిపేరు ఏమిటి? జవాబు సరిపోతే కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోనిచ్చేది. ఆ ప్రశ్న కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, బెజవాడ ఎన్నడూ వచ్చి ఉండడు.

రక్షక్ కూడా మణికుమార్‌ని ఆ ప్రశ్నే అడిగింది. దానికి అతను నిజమే చెప్పాడు. ప్రపంచంలో ఆ నిజం అతను చెప్పింది ఆ యంత్రానికొక్కదానికే.

అతని తల్లి పెద్దింట్లమ్మ కొల్లేటి ఒడ్డు మనిషి. పుట్టింటివారి ఇంటిపేరు చేపల. వ్యాపారమూ చేపలే. కొడుకు పెద్ద ఉద్యోగస్తుడయ్యాక కూడా కైకలూరు నుంచి బస్సులో గంపలతో వచ్చి బెజవాడ హోటళ్లకు కొరమేను వేసేది. ఆ ఇంటిపేరు విని బళ్లో పిల్లలు ముక్కులు మూసుకున్న రోజు నుంచి ఆ మాట అతని నోటెంట రాలేదు. యంత్రం ముక్కు మూసుకోదు కదా అని దానికి చెప్పాడంతే.

ఓ ఆదివారం గవర్నర్‌పేట హోటల్లో, పెసరట్టు ముందు పెట్టుకుని అనఘ మామూలుగా అడిగింది. "ఇంతకీ మీ అమ్మగారు ఎవరింటి ఆడపడుచండీ?"

ఉన్నదున్నట్టు చెప్పమని ఆర్డరుంది. ఎదుటిది మన మనిషేనని నమ్మకం ఉంది. చెప్పేస్తే అయిపోయేది. కానీ ఆ షిఫాన్ చీర ముందు, ఆ సెంటు వాసన ముందు అతని నాలుక మడతపడింది.

"చల్లపల్లి వారండీ" అన్నాడు. జమీందారీ ఊరి పేరు, వినడానికి దర్జాగా ఉంటుంది. "ఓహో, పెద్దింటివారే" అందామె మెచ్చుకోలుగా. మణికుమార్‌కి చెవులు వేడెక్కాయి. పెసరట్టు సగం వదిలేశాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. రెండు వారాల తర్వాత క్లాసు అయ్యాక ఇద్దరూ బెంజ్ సర్కిల్లో ఆటో కోసం నిలబడ్డారు. కైకలూరు బస్సు వచ్చి ఆగింది. అందులోంచి తడిగుడ్డ కప్పిన గంపతో పెద్దింట్లమ్మ దిగింది. నెలల తరబడి కనిపించని కొడుకు ఎదురుగా కనబడేసరికి ఆమె మొహం వెలిగిపోయింది. గంప దించి రెండడుగులు ముందుకేసింది.

"ఎవరండీ ఆమె?" అంది అనఘ.

మణికుమార్ బస్సు బోర్డు చదువుతున్నట్టు అటు తిరిగాడు. "మా ఇంటికి చేపలు తెచ్చే ఆమె."

పెద్దింట్లమ్మ ఆగిపోయింది. ఒక్క క్షణం. తర్వాత తడి చెయ్యి చెంగుకి తుడుచుకుంది.

"ఏం లేదమ్మగారూ" అంది అనఘతో. "బాబుగారు ఆ మధ్యన కొరమేను అడిగారు. ఇయ్యాళ దొరకలేదని చెబుదామని ఆగానంతే. వస్తా బాబుగారూ."

గంప నెత్తికెత్తుకుని వెళ్లిపోయింది. మణికుమార్ ఆమెని చూసి సిగ్గుపడ్డాడు. అలా సిగ్గుపడినందుకు ఇంకా సిగ్గుపడ్డాడు. మర్నాటి సాయంత్రం లాడ్జి వాచ్‌మన్ ఓ స్టీలు డబ్బా అందించాడు. ఎవరో చేపలామె ఇచ్చిందట, పేరు చెప్పలేదట. మూత తీస్తే పులుసు వాసన. అతనికిష్టమని మామిడికాయ వేసి వండింది. శిక్షణలో ఎన్ని రకాల దెబ్బలు తిన్నా కన్నీళ్లు పెట్టుకోని మనిషి, ఆ డబ్బా ముందు కూర్చుని ఏడ్చాడు.

సెమిస్టర్ పరీక్ష నాడు అసలు సంగతి బయటపడింది. మూడో అంతస్తులో మేనేజర్లంతా తలలు వంచి రాస్తున్నారు. మణికుమార్ మణికట్టు మీద గడియారం వణికింది.

ఎవరో రక్షక్ తలుపు తట్టారు. సీక్రెట్ క్వశ్చన్‌కి తప్పు జవాబిచ్చారు. ఒకటైంది, ఇంకా రెండు అవకాశాలున్నాయి. మూడూ తప్పితే తాళం పడిపోతుంది. తప్పు పడ్డప్పుడల్లా సర్వర్ కాసేపు ఆగమంటుంది.

అతను హాలంతా చూశాడు. అనఘ కుర్చీ ఖాళీగా ఉంది. ఈ ఊళ్లో అమ్మ పుట్టింటివారి పేరంటూ తను చెప్పింది ఆమె ఒక్కదానికే. మన మనిషి అనుకున్న ఆమె పెలికాన్ మనిషి కూడా.

పేపరు అలాగే వదిలి పరిగెత్తాడు. లిఫ్టు రిపేరులో ఉంది, ఇద్దరు మెకానిక్‌లు దాని ముందు కూర్చుని ఏదో బిగిస్తున్నారు. మెట్లమీద నుంచి దూకుతుంటే గడియారం మళ్లీ వణికింది. రెండు.

కింది అంతస్తు కంప్యూటర్ ల్యాబ్‌లో అనఘ ఒక్కతే కూర్చుని ఉంది. అతని అడుగుల చప్పుడు వినగానే హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న పిస్టల్ తీసి అతని గుండెకు గురిపెట్టింది. రెండో చెయ్యి కీబోర్డు మీదే ఉంది.

"మీ ఇంగ్లిషు స్పెల్లింగులతో చచ్చిపోతున్నానండీ" అంది ప్రశాంతంగా. "చల్లపల్లి చివర ఐ కొట్టాను, కాదంది. వై కొట్టాను, కాదంది. మీ అమ్మగారి ఇంటిపేరు మీకు తెలియకుండా ఉండదుగా. చివర ఏముంటుంది?"

నోరు విప్పకపోతే కాలుస్తుంది. ఆ పేరే తప్పని చెబితే అసలు పేరేమిటని ఆలోచిస్తుంది. బస్సు దిగిన మనిషి గుర్తొస్తుంది, గంప గుర్తొస్తుంది. తీరం పొడవునా ఉన్న మనుషుల ప్రాణాలు ఇప్పుడు అతని అబద్ధం మీద ఆధారపడ్డాయి. మణికుమార్ తల దించుకున్నాడు. మొహమంతా సిగ్గుతో ఎర్రబడింది.

"చివర ఈ ఉంటుంది" అన్నాడు మెల్లగా.

అనఘ ఆ మొహాన్ని పరీక్షగా చూసింది. దేశ రహస్యం చెప్పేసిన మనిషి మొహం అలాగే ఉంటుందనుకుంది. ఆ సిగ్గు నిజమైనదే కాబట్టి అబద్ధాన్ని నమ్మేసింది. చివర ఈ కొట్టి ఎంటర్ నొక్కింది.

స్క్రీన్ ఎర్రబడింది. రక్షక్ తాళం పడిపోయింది. గవర్నర్‌పేట గదిలో అలారం మోగింది, మరుక్షణం లిఫ్టు మెకానిక్‌ల జేబుల్లో ఫోన్లు మోగాయి. ఆమె ఉలిక్కిపడి స్క్రీన్ వైపు తిరిగిన ఆ ఒక్క క్షణం మణికుమార్‌కి చాలింది. పిస్టల్ అతని చేతికొచ్చింది. వెనకే చేతులకు గ్రీజుతో, ఖాకీ యూనిఫారంతో వీరభద్రరావు లోపలికొచ్చాడు. వారం నుంచి ఆ లిఫ్టు బాగు చేస్తున్నది ఆయనే. పాపం, అది అంతకుముందు బాగానే ఉండేది.

బేడీలు వేస్తుంటే అనఘ మణికుమార్ వైపే చూస్తోంది.

"చల్లపల్లి వారు కాదన్నమాట" అంది. "ఆ రోజు బస్సు దిగిన ఆమె" అని ఊరుకుంది.

"నేను దేశాన్ని అమ్ముకున్నానండీ, ఒప్పుకుంటాను. మా అమ్మని మాత్రం ఎవరడిగినా మా అమ్మనే చెప్పాను."

మణికుమార్ తల దించుకుని పిస్టల్ చీఫ్ చేతికిచ్చాడు.

చీఫ్ మాత్రం సంబరపడిపోయాడు. ఆర్డరు మీరి అబద్ధమాడినందుకు మందలించాల్సింది పోయి భుజం తట్టాడు. ఎంత ముందుచూపు, ఎంత ప్రెజెన్స్ ఆఫ్ మైండ్ అన్నాడు. కొత్త ఏజెంట్లకు ఇదే పాఠంగా చెప్పిస్తానన్నాడు. ఏజెంటు ఫైలు చదివి ఇంటిపేరు ఆయనకు ముందే తెలుసు గనక ఓ జోకు కూడా వేశాడు. "పెలికాన్‌కి చేప చిక్కలేదోయ్!" మణికుమార్ నవ్వాల్సిన చోట నవ్వాడు. నిజం చెప్పడానికి నోరు రాలేదు.

మర్నాడే కైకలూరు వెళ్లాడు. పెద్దింట్లమ్మ ఐసు పెట్టెల మధ్య నిలబడి చేపలు తూకం వేస్తోంది. కొడుకుని చూసి, ముందు అతనికి అటూ ఇటూ చూసింది.

"పక్కన ఎవరూ లేరుగా?" అంది గొంతు తగ్గించి. "డ్యూటీలో లేవుగా?"

"లేనమ్మా."

ఆమె ఊపిరి పీల్చుకుంది. "ఆ రోజు సరిగ్గానే చెప్పానా నాయనా? పైవాళ్ల ఆర్డరై ఉంటదని అప్పుడే అనుకున్నా."

అవునంటే అయిపోయేది. చీఫ్ దగ్గర అలాగే నవ్వి తప్పించుకున్నాడు. కానీ ఆ తడి చేతుల ముందు అతనికి అబద్ధం రాలేదు.

"ఆర్డరు కాదమ్మా."

పెద్దింట్లమ్మ తక్కెడలోంచి ఓ చేప తీసి పక్కన పెట్టింది.

"తెలుసులే" అంది. "ఆర్డరైతే నా మొహం చూసి చెప్పేవాడివి. బస్సు బోర్డు చూసి చెప్పావుగా."

అతను అక్కడే, ఐసు నీళ్లలో కూలబడ్డాడు. ఆమె చెయ్యి చెంగుకి తుడుచుకుని అతని తల మీద వేసింది. ఆ చేతి వాసన చిన్నప్పటి నుంచి ఎరిగినదే. ఈసారి అతను మొహం తిప్పుకోలేదు.

మిషన్ అయిపోయినా మణికుమార్ కోర్సు మానలేదు. వదిలేసిన పరీక్ష మళ్లీ రాసి ఫస్ట్ క్లాసు తెచ్చుకున్నాడు. ఆఖరి క్లాసులో ప్రతి మేనేజరూ తాను నేర్చుకున్న ఒక పాఠం చెప్పాలని ప్రొఫెసర్ రమాసుందరి అంది. అతని వంతు వచ్చేసరికి మొదటి వరసలో పట్టుచీర కట్టుకుని కూర్చున్న మనిషి దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"మా అమ్మ పెద్దింట్లమ్మ గారండీ" అన్నాడు. "చేపల వారి ఆడపడుచు. మా అమ్మగారిది చల్లపల్లి అని ఒకరికి చెప్పాను. అది అబద్ధం."

హాల్లో ఎవరూ ముక్కు మూసుకోలేదు. డెయిరీ జనరల్ మేనేజరు గారు మాత్రం కుర్చీ దగ్గరకు జరుపుకున్నారు. "ఏ చేపల వారండీ, కైకలూరు వైపా, ఆకివీడు వైపా?"

పెద్దింట్లమ్మ కొడుకు వైపు చూసింది. "వీళ్లకి చెప్పొచ్చా నాయనా?"

"చెప్పొచ్చమ్మా. అందరికీ చెప్పొచ్చు."

సోమవారం చీఫ్ నుంచి కబురొచ్చింది. మీ అమ్మగారి ఇంటిపేరు ఇప్పుడు బెజవాడంతా తెలుసు, వెంటనే రక్షక్‌లో సీక్రెట్ క్వశ్చన్ మార్చు అని. మణికుమార్ మార్చాడు. మీకు ఇష్టమైన కూర ఏది అన్న ప్రశ్న ఎంచుకున్నాడు. జవాబు మాత్రం పాతదే ఉంచాడు. ఈ సంగతి రమాసుందరి గారికి తెలిస్తే ఫస్ట్ క్లాసు వెనక్కి తీసేసుకుంటారు.