ఖాళీ తొట్టిలో పొంగు

నేలమాళిగలో అయిదు చెక్క తొట్లు. నాలుగింట్లో ద్రాక్షసారా కోసం చిదిమిన నల్లద్రాక్ష, అయిదోది ఖాళీ. చెల్లెలు పూటపూటా తొట్లకు చెవి ఆనించి వింటోంది. పండు తొక్క మీది తెల్లటి పొడిలో రసాన్ని పులియబెట్టే, కంటికి ఆనని ఈస్టు ఉంటుంది. అది మేలుకుంటే రసం చిటచిటలాడుతుంది, తొక్కలు తేలి పైన మందంగా పేరుకుంటాయి. ఆరో రోజు వచ్చినా చప్పుడు లేదు.

"చెబితే విన్నావా?" అన్నాడు అన్న, మెట్ల మీదే నిలబడి. "తొట్లకు గంధకం పొగేసి, సలసల కాగే నీళ్ళు పోసి, చెక్కలో ఉన్నదంతా చంపేశావు. పెదనాన్న పాతికేళ్ళు పెంచిన బూజు అది."

"పాతికేళ్ళ మురికి."

"సాయంత్రానికి పొంగకపోతే చెయ్యి పెట్టు. పెట్టనంటే అంతా పారబోసి తలుపు మూసేద్దాం."

చెయ్యి పెట్టడమంటే, ఇంటి మనిషి ఒకరు మోచేతి దాకా రసంలో ముంచి, అది వెచ్చబడే దాకా కదలకుండా కూర్చోవాలి. పెదనాన్న పెట్టిన నియమం. తాను మాత్రం ఒక్కసారీ ముంచలేదు. ఏటా వీళ్ళ అమ్మ చేత ముంచించాడు. ఆమె గోళ్ళు నల్లబడి ఒక్కొక్కటే ఊడిపోయాయి. పోయే ముందు ముద్ద నోట్లో పెట్టుకోవడానికి కూడా వేళ్ళు వంగలేదు. నిరుడు పెదనాన్నా పోయాడు. ఒకరి ఒళ్ళు కరిగించి పేరు తెచ్చుకున్నవాణ్ణి పెద్దమనిషి అనడం చెల్లెలికి చేతకాదు.

"నీ చెయ్యి పెట్టొచ్చుగా అన్నయ్యా?"

"నాకు పైన పనుంది," అని అన్న మెట్లెక్కేశాడు.

కాసేపటికి వినిపించింది.

చిట... చిట...

నాలుగు తొట్లకూ చెవి ఆనించింది. అవి కావు. ఖాళీ తొట్టి.

తొంగి చూసింది. ఎండిన చెక్క తప్ప ఏమీ లేదు. పులిసే చోట ఊపిరాడని గాలి అడుగున చేరుతుందని, ఎప్పటిలా లోపలికి వంగేముందు దీపం దించింది. మంట సగానికి దిగేసరికి ఆరిపోయింది. కుళ్ళిన పండు వాసన... దాని వెనకే పెదనాన్న ముసలి నోటి వాసన.

"చెయ్యి..." అంది తొట్టి అడుగు నుంచి ఒక గొంతు.

ఆమె వెనక్కి మాత్రం జరగలేదు.

"మీ అమ్మది... చాల్లేదు."

"మా అమ్మ ఇచ్చింది చాలు," అంది మెల్లగా. "పులిస్తే తొక్కలో ఉన్నదానితో పులుస్తుంది. లేదంటే నేనే పారబోస్తాను. నీకు మాత్రం గోరు కూడా ఇవ్వను."

ఖాళీ తొట్టి మీదికి మూత లాగి, దాని మీద కూర్చుంది. కింద నుంచి ఏదో గీకుతోంది. ఆమె లేవలేదు... గీకడం ఆగింది. మళ్ళీ మొదలైంది. లేవలేదు.

పొద్దు వాలే వేళకు మొదటి తొట్టి చిటచిటలాడింది. తరవాత రెండోది. చూస్తుండగానే నాలుగూ పొంగాయి.

అన్న పరుగున దిగాడు. "పెట్టావా?"

పొడి చెయ్యి చాపి చూపించింది. అన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

తేలిన తొక్కల్ని లోపలికి తొక్కాలి. పొడవాటి కర్ర తీసుకుని మొదటి తొట్టిలో దించింది. సగం దాకా దిగి ఆగిపోయింది.

"తొక్కలు గట్టిపడ్డాయా?" అన్నాడు అన్న.

కర్రను ఎవరో పట్టుకున్నారు. కిందికి లాగడం లేదు... మెట్టు కోసం తడుముకుంటున్న మనిషిలా, పట్టు కొంచెం పైకి మార్చుకున్నారు.

ఆమె కర్రను రెండు చేతులా బిగించింది.

పట్టు ఇంకొంచెం పైకి జరిగింది. తొక్కల మధ్య కనిపించిన వేళ్ళకు గోళ్ళు లేవు.