కార్డు మీద నంబరు

పొద్దున్నే షట్టరు పైకెత్తుతూ సాబిర్ ఆ రోజు బేరాన్ని అంచనా వేసుకున్నాడు. అమరచింత నుంచి పెళ్లివాళ్లు వస్తారు. తక్కువలో తక్కువ పదిహేను మంది ఆడవాళ్లు. ఆత్మకూరు బజారులో గాజుల కొట్లు నాలుగున్నా, వాళ్లు వెతుక్కుంటూ వచ్చేది ఈ కొట్టుకే. మణికట్టు చూడగానే నజ్మా "రెండు ఆరు" అని సైజు చెప్పేస్తుంది. చెయ్యి గీసుకుపోకుండా, గాజు చిట్లకుండా తొడుగుతుంది. కొట్టు పేరు సాబిర్‌ది, గిరాకీ నజ్మా వేళ్లది.

ఆ నజ్మా బుర్ఖా వేసుకుని, దవాఖాన కార్డు సంచిలో పెట్టుకుని బయలుదేరింది.

"ఇయ్యాల్నే పోవాల్నా? పెండ్లోళ్లు వస్తుండ్రు."

"పోవాలె. కాన్పుకైనా తొమ్మిది నెలలే పడ్తది. నాకు తొమ్మిది నెలలైనా ఆపరేషన్ తారీఖే వస్తలేదు."

"సర్కారు దవాఖానల గట్లనే ఉంటది. వంతొస్తే వాళ్లే ఫోన్ చేస్తమన్నరు గద."

"మరి ఎందుకు చేస్తలేరో అడిగొస్త."

సాబిర్ దుమ్ము లేని అద్దాల పెట్టెను మళ్లీ తుడవసాగాడు.

గర్భసంచి లోపల ఉండాల్సిన పొర బయట పెరుగుతోందని, పేగులకు కూడా అంటుకుంటోందని పట్నంలోని డాక్టరమ్మ కిందటి సెప్టెంబరులో చెప్పింది. జబ్బు పేరు ఎండోమెట్రియోసిస్. కెమెరాతో చేసే ఆపరేషన్‌కు నజ్మా పేరు రాసుకున్నారు. అప్పటినుంచి నెలకు ఐదారు రోజులు ఆమె నడుముకు గుడ్డ బిగించి కట్టుకుని, పళ్లు కరుచుకుని గాజులు తొడుగుతోంది.

వనపర్తిలో బస్సు మారి, మధ్యాహ్నానికి ఆమె పట్నం దవాఖాన చేరింది. కౌంటరులో ఉన్న నర్సు పద్మజ రిజిస్టరు తిప్పి తలెత్తింది.

"మీకు రెండుసార్లు చేసినమమ్మా. మార్చిల ఒకసారి, మేల ఒకసారి. మీ ఆయన ఎత్తిండు. ఇప్పుడు కుదరదు, తర్వాత సూడుండ్రి అన్నడట. గందుకే మీ పేరు కిందికి పోయింది."

మార్చి అంటే రంజాన్ సీజన్. మే అంటే పెళ్లిళ్ల సీజన్. నజ్మాకు ఇంకెవరినీ అడగాల్సిన పని లేకపోయింది.

"ఆ నంబరు కొట్టెయ్యండ్రి. నాది రాయండ్రి."

"ఆడోళ్ల కార్డు మీద అందరు మొగోళ్ల నంబరే రాపిస్తరు."

"కడుపు నాది. నంబరు గూడ నాదే ఉండాలె."

పద్మజ పెన్ను మూత తీసింది.

చీకటి పడే వేళకు నజ్మా కొట్టులోకి అడుగు పెట్టింది. అత్తగారు అమీరున్నీసా మిగిలిన గాజులు దారానికి ఎక్కిస్తోంది. నజ్మా కార్డు తీసి సాబిర్ ముందు పెట్టింది. కొట్టేసిన తన నంబరు చూడగానే అతని ముఖం మారిపోయింది.

"ఒక్క నెల ఆగుదమనుకున్న నజ్మా. నువ్వు లేకుంటే కొట్టు నడ్వదు."

"గదే మాట నాతోటి అనొచ్చు గద! లైన్ల ముందున్నామెను పక్కకు పెట్టి వెనకామెకు తొడిగితే మీరే ఊకోరు. మరి నా వంతు రెండుసార్లు వేరేటోళ్లకు ఎట్ల ఇచ్చిండ్రు?"

"గంత నొప్పి ఉందని నాకేం తెల్సు? ఒక్కనాడన్న ఏడ్చినవా?"

"గిరాకీ ముందట ఏడిస్తే గాజులు ఎవరు తొడిగిచ్చుకుంటరు?"

సాబిర్ తల్లి వైపు తిరిగాడు. "నువ్వన్న చెప్పమ్మీ. ఆడోళ్లకు నెలనెలా ఉండేదే గద?"

అమీరున్నీసా చేతిలోని దారం కింద పెట్టింది.

"నాకూ గిట్లనే ఉండె. ముప్పైరెండేండ్లకే గర్భసంచి తీపిచ్చిండు మీ అబ్బాజాన్. డాక్టరు అడిగితే సరేనన్నది ఆయనే. నన్ను ఎవరూ అడగలె. నీ తర్వాత ఒక ఆడపిల్ల కావాల్నని ఉండె నాకు. బాప్‌ది ఏ సైజో బేటాది గదే సైజు!"

ఆ మాటకు సాబిర్ తల వంచుకున్నాడు. ముప్పయ్యేళ్లకు పైగా ఆ ఇంట్లో ఎవరూ ఎత్తని మాట అది.

నజ్మా అత్తగారి పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది. కంఠం మాత్రం తగ్గించలేదు. "ఇగనుంచి ఫోన్ నాకే వస్తది. ఏ సీజన్ అయినా సరే, పిలిచిన నాడు పోత. మీరొస్తే రండ్రి. లేకుంటే బస్సు ఉండనే ఉంది."

ఇరవై రెండో రోజున ఫోన్ మోగింది. కొట్టు నిండా జనం. మానవపాడు నుంచి వచ్చిన ఒకామె చేతికి నజ్మా అప్పుడే నాలుగో గాజు ఎక్కించింది. సాబిర్ చెయ్యి అలవాటుగా జేబులోకి పోయింది. అతని ఫోన్ చప్పుడు లేకుండా ఉంది.

"ఆఁ, నేనే నజ్మాను. ఎల్లుండి సోమవారమే ఆపరేషనా? వస్త."

ఎవరి ముఖమూ చూడకుండానే చెప్పి, ఆమె లేచి నిలబడింది.

"అయ్యో, నా చెయ్యి సగం గూడ నిండలేదమ్మా!" అంది మానవపాడు ఆమె.

"నువ్వు కూసో తల్లీ. ఈ పిల్ల రాకముందు ఈ కొట్టుల గాజులు తొడిగింది నేనే." అమీరున్నీసా ముందుకు జరిగి ఆమె మణికట్టు చేతిలోకి తీసుకుంది. "రెండు నాలుగు," అంది అడగకుండానే.

నజ్మా వెనక గదిలో సంచి సర్దుతుంటే సాబిర్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అతని కళ్లు తడిగా ఉన్నాయి.

"సోమవారం... నేను గూడ రావాల్నా?"

పెళ్లయిన పదకొండేళ్లలో అతను తనను అడిగి చేసినవెన్నో నజ్మా మనసులో లెక్కపెట్టి చూసింది. ఇదే మొదటిది.

"అడిగిండ్రు గద," అంది కళ్లు తుడుచుకుంటూ. "రండ్రి."