మోనేటా చెంప మీది నెలవంక

నీడలు కాళ్ల కింద దాక్కునే నడిమధ్యాహ్నం... రోమ్ నగరమంతా తలుపులు మూసుకున్న వేళ! మబ్బులేని ఆకాశం ఉరిమింది. టైబర్ నది ఒడ్డున, మాంత్రికుడు స్కేవా గది దూలం మీద పట్టపగలే గుడ్లగూబ కూసింది.

తెట్టియస్ ఉలిక్కిపడలేదు, అనుమానించాడు. ఇరవై ఏళ్లుగా వెండి దీనారాలు పరీక్షించడమే అతని పని. రాతి మీద మోగించి, అసలు వెండో, రాగి మీద వెండి పూతో చెవితోనే తేల్చేవాడు. మనుషుల మాటలను కూడా అలాగే వినడం అలవాటైపోయింది.

చాప మీద కూతురు టెర్టుల్లా గిలగిలా కొట్టుకుంటోంది. కనుగుడ్లు తెల్లగా తిరగబడ్డాయి. ఆ పిల్ల నోట్లోంచి, మూడేళ్ల కిందట పోయిన తల్లి గొంతు!

"దాటలేను... నన్ను దాటనివ్వడు...!"

"విన్నావా పిసినారీ?" స్కేవా ఆ తల్లి పుర్రెను ఎత్తి చూపాడు. పళ్ల మధ్య ఓ నాణెం. "వైతరణి దాటించే పడవ కూలికి పెళ్లాం నోట్లో దొంగ నాణెం పెట్టావు. అది దాటలేక పిల్లని పట్టుకుంది. పిల్లని నాకు ధారపొయ్యి, లేదా పొద్దువాలేలోగా శవాన్ని మోసుకుపో!"

తెట్టియస్ పుర్రె పళ్ల మధ్యకు తొంగిచూశాడు. నిజంగా తానే అంత పని చేశాడా? తన లోపలి పిసినారిని అతను ఏనాడూ పూర్తిగా నమ్మలేదు...

"ఒక్కసారి మోగించి చూస్తానయ్యా."

"పెళ్లాం పుర్రె దగ్గర కూడా నీ అంగడి బుద్ధేనా!" స్కేవా పగలబడి నవ్వాడు.

అప్పటికే తెట్టియస్ గోటితో మీటాడు. టక్... రాగి! పైగా, పరీక్షించిన ప్రతి నాణెం మీదా తాను కొట్టే నెలవంక గుర్తు దీని మీద లేదు.

స్కేవా ముందుకు వంగాడు. మెడలో తాయెత్తు ఊగింది. వెండి దీనారం! దాని మీద హెచ్చరించే తల్లి, టంకశాల దేవత మోనేటా ముఖం... ఆమె చెంప మీద చిన్న నెలవంక!

"సమాధి తవ్వి, నేను పెట్టిన వెండి కాజేసిన దొంగవి నువ్వా!"

తెట్టియస్ తాడు తెంపి, రాగిది లాగి పారేసి, ఆ వెండి నాణేన్ని పుర్రె నోట్లోకి నెట్టాడు. ఖంగుమంది. పళ్లు టపీమని మూసుకున్నాయి. నాణెం వెనక వైపు ముద్రించిన టంకశాల పనిముట్లు, దాగలి, సుత్తి, పటకారు, బయటికే కనిపిస్తున్నాయి.

కనపడని పటకారు ఏదో స్కేవా మెడ పట్టి లేపింది.

"వద్దు తల్లీ... వద్దూ...!"

ధన్! ధన్! ధన్!

గుడ్లగూబ ఎగిరిపోయింది. రాతి నేల మీద స్కేవా పలచగా పరుచుకుని ఉన్నాడు, నుదుట మోనేటా ముఖం అచ్చుపడి. పుర్రె పళ్ల మధ్య నాణెం వెనక వైపు ఇప్పుడు ఏ బొమ్మా లేదు, ఒట్టి వెండి.

"నాన్నా... ఆకలేస్తోంది."

తెట్టియస్ ఆ గొంతును అలవాటుగా చెవిలో మరోసారి మోగించుకున్నాడు.

అసలుదే.