మూడు ఊర్లలో డిలీట్

నీలావతి వాకిట్లో కూచుని విత్తనానికి శనక్కాయలు వలుస్తోంది. చేట సగం నిండేసరికి ఇంట్లో ఫోను మోగింది. నాయన గొంతు వినగానే ఆమె చేతులు ఆగిపోయాయి. పెండ్లికొడుకు తరఫువాళ్ళతో మాట్లాడేటప్పుడే ఆయన గొంతు అంత మెత్తబడుతుంది.

"ఆదివారం రాండి సార్. అంతా మీ ఇష్టం," అని ఉలిగప్ప ఫోను పెట్టేసి బయటికొచ్చాడు.

"సంబంధాల ఆఫీసులో నా పేరు తీసేయించినానంటివే నాయనా?"

"హిందూపురం ఆఫీసుకు ఫోన్ చేసి నేనే చెప్తినమ్మా. అయినా వస్తాండారంటే దేవుడే తోలిస్తాండాడు. కాదనేకి మనమెవరం?"

నీలావతి ధర్మవరంలో ఒక పట్టుచీరల కొట్టుకు అంచుల డిజైన్లు గీస్తుంది. ఆమె గళ్ళ కాగితం మీద రంగులు నింపితే, దాన్ని చూసి మగ్గానికి చిల్లుల అట్టలు కొడతారు. రోజూ పెనుకొండలో రైలెక్కి పోయి వస్తుంది. చూసిపోయిన ప్రతివాళ్ళూ ఒకటే అడిగారు, పెండ్లయినాక పని మానేస్తుంది కదా అని. అడిగింది నాయనను. ఆయన ప్రతిసారీ తలూపాడు.

మరుసటి రోజు ఆమె కొట్టుకు పోలేదు. హిందూపురం బస్సెక్కింది.

పెండ్లి సంబంధాల ఆఫీసులో కంప్యూటర్ ముందు ఒక్కడే ఉన్నాడు. పేరు దుర్గాప్రసాద్. టీ గ్లాసు నోటిదాకా తెచ్చుకుని, గడపలో నిలబడిన ఆమెను చూసి ఆపేశాడు.

"ఏమప్పా, మీ కాడ పోయినోళ్ళు మళ్ళా లేస్తారా?"

"ఎవరు పోయినారు మేడమ్?"

"నేనే. మెంబర్‌షిప్ తీసేసినామంటిరి. నిన్న కూడా పెండ్లికొడుకు వాళ్ళు ఫోన్ చేసినారు."

అతను పేరు అడగలేదు. నేరుగా టైపు చేశాడు. తెర మీద ఆమె ఫొటో, పక్కన పచ్చచుక్క, 'యాక్టివ్' అని.

"నేనే డిలీట్ చేసినా. బాగా గుర్తుండాది."

"ఇంతమందిలో నేనే ఎట్ల గుర్తున్నా?"

"ఫొటోలో అందరూ నవ్వుతారు మేడమ్. మీరొక్కరే కెమెరాను కొట్టేట్లు చూస్తాండారు."

నవ్వు వచ్చింది. నీలావతి దాన్ని పెదవుల దగ్గరే ఆపేసింది. అతను మళ్ళీ డిలీట్ నొక్కాడు. ఫొటో మాయమైంది.

"పోయింది చూడండి."

"పోయినసారీ ఇట్లే పోయింటుంది. దీంట్లోకి పేర్లు యాడ నుంచి వస్తాయి?"

"పెనుకొండలో, ధర్మవరంలో కూడా మా ఆఫీసులుండాయి. ప్రతి శనివారం ఒకరికొకరం సీడీలు బస్సులో పంపుకుంటాం. వాళ్ళ పేర్లు మేము, మా పేర్లు వాళ్ళు..." అతను ఆగిపోయాడు.

ఆమె నెమ్మదిగా అంది. "ఈడ తీసేస్తే ఆడ ఉంటా. శనివారం బస్సెక్కి మళ్ళా ఈడికి వస్తా."

దుర్గాప్రసాద్ తల గోక్కున్నాడు. "కొత్త మెంబరనుకొని మిషను కలుపుకుంటాండాది. మూడు చోట్లా ఒకే రోజు తీసేయాల. వాళ్ళకు ఫోన్ చేసి చెప్తా."

"చెప్పేది అయిపోయింది. నేను చూడాల. లేయప్పా, పోదాం."

"ఇప్పుడా? ఆఫీసు?"

"తాళం లేదా?"

సోమందేపల్లి దాటగానే వాన పట్టుకుంది. బస్సు కిటికీ సరిగా మూతపడదు. జల్లు ఆమె మీద పడుతోందని అతను ఆ వైపుకు మారి కూచున్నాడు. చొక్కా సగం తడిసింది. మిగతా సగంతో హుందాగా ఉండాలని చూస్తున్నాడు.

"పెండ్లే వద్దా మేడమ్?"

"వద్దని ఎవరన్నారు? నన్నడగకుండా చేసేది వద్దు."

"అడిగితే?"

"ఏమడుగుతారో విని చెప్తా."

ఆ తరువాత పెనుకొండ దాకా అతను వానను మహా శ్రద్ధగా చూశాడు.

పెనుకొండలో డిలీట్. రైల్లో ధర్మవరం చేరి అక్కడా డిలీట్. పాత సీడీలు ఆమె ముందే విరిచారు. హిందూపురం బస్సెక్కే ముందు ఆమెను స్టేషన్‌లో దిగబెడుతూ దుర్గాప్రసాద్ అడిగాడు.

"ఇంక మీరు ఏ మిషన్లోనూ లేరు. ఎవరన్నా మిమ్మల్ని అడగాలంటే యాడికి రావాల?"

"మాకు ఇల్లు లేదా?" అని ఆమె రైలెక్కింది. రైలు కదిలాక గానీ వెనక్కి చూడలేదు.

ఆదివారం అమ్మ కుళ్ళాయమ్మ పట్టుచీర తీసి పెట్టింది. నీలావతి దాన్ని మళ్ళీ పెట్టెలో పెట్టి, పనికి కట్టుకునే నూలుచీరతోనే ఉండిపోయింది.

పెండ్లికొడుకు వాళ్ళు వచ్చే బస్సు రాకముందే ఎవరో వాకిట్లో సైకిల్ ఆపారు. ఉలిగప్ప ఎదురుపోయాడు.

"రాండి సార్. ఒక్కరే వచ్చినారా? మీ పెద్దోళ్ళు?"

"నేను ఆ పెండ్లికొడుకు కాదండీ. సంబంధాల ఆఫీసులో కంప్యూటర్ మనిషిని, దుర్గాప్రసాద్. మీరన్నారంట గానీ, ఈ సంబంధాలోళ్ళను దేవుడు తోలీలేదు. మా సీడీలు తోలినాయి. తప్పు మాది." అతను జరిగింది చెప్పాడు. చెప్పి, నీలావతి వైపు తిరిగాడు. "ఇంకోటి అడగాలని వచ్చినా. నన్ను చేసుకుంటావా? నేను పెనుకొండ ఆఫీసుకు మారతా. నువ్వు రోజూ రైలెక్కొచ్చు."

ఉలిగప్ప మొహం ఎర్రబడింది. "ఆ పిల్లను అడిగేదేందప్పా? నేను లేనా?"

"నువ్వు శానామందికి సరే అన్నావు నాయనా," అంది నీలావతి. "ఒక్కసారన్నా నన్నడిగినావా?"

ఆమె దుర్గాప్రసాద్‌ను చూసింది.

"డిజైన్లు మానను. రైలు లేటయితే వంట నువ్వే చేయాల."

"ఉప్పు ఎక్కువైతే?"

"తింటా. నాకు ఇష్టమే."

కుళ్ళాయమ్మ మొగుడి పక్కకొచ్చి గొంతు తగ్గించింది. "బస్సు వచ్చే యాళయింది. ఇంటిదాకా వచ్చినోళ్ళను తిప్పి పంపితే బాగుండదు. స్టాండు కాడనే ఎవరన్నా చెప్పాల."

ఉలిగప్ప కూతురిని చాలాసేపు చూశాడు. ఆమె తల దించలేదు. ఆయన తువ్వాలు తీసి భుజాన వేసుకుని, చెప్పులు తొడుక్కుని బస్టాండు వైపు నడిచాడు.