అడుగు రెక్క మీది వాక్యం

ఖాళీ అయిన అట్టపెట్టెను పారేయడం ఆ ఇంటి పెద్దావిడకు చేతకాదు. ముప్పై రెండేళ్లు ప్రభుత్వ ముద్రణాలయంలో ప్రూఫులు దిద్దిన మనిషి. ఒకవైపు తెల్లగా ఉన్న కాగితం చెత్తబుట్టలో కనిపిస్తే, ముట్టుకోని తిండిని ఎవరో పారబోసినంత బాధపడుతుంది. ఆ ఉదయం కూడా వంటింటి బల్ల దగ్గర కూర్చుని, పిండి అయిపోయిన పెట్టె అడుగుభాగాన్ని వెన్న రాసే చాకుతో జాగ్రత్తగా విడదీస్తోంది. పరిస్తే లోపలివైపు వారం సరుకుల జాబితాకు సరిపోతుంది.

అది బయట కొన్న పెట్టె కాదు, సొంత కొడుకు కర్మాగారంలో తయారైనదే. మొక్కజొన్న, సోయా కలిపి మరపట్టిన పిండి. పాలలో కలిపి పిల్లలకు పడతారు. పెట్టె ముఖం మీద ఎర్రటి చేతిరాతలో "సరి" అన్న రెండక్షరాలు, వాటి కింద "అమ్మ సరే అంది" అన్న మాట. ఆ చేతిరాత ఆమెదే. దిద్దడం పూర్తయిన ప్రూఫు మూల మీద జీవితమంతా ఆమె రాసిన మాట ఆ "సరి". కొడుకు దాన్నే తన సరుకుకు గుర్తుగా పెట్టుకున్నాడు.

జిగురు ఊడింది. అడుగున ఉండే నాలుగు రెక్కల్లో లోపలి రెక్క విచ్చుకుంది. దాని మీద ఒక వాక్యం ఉంది.

"ఇందులో జన్యుమార్పిడి సోయా ఉంది."

ఆమె కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది. వాక్యంలో అక్షరదోషం లేదు. దోషమల్లా అది ఉన్న చోటులోనే ఉంది.

జన్యువులు మార్చిన విత్తనం నుంచి వచ్చిన పదార్థం నూటికి ఒక పాలు మించి ఉంటే ఆ సంగతి పెట్టె మీద, కొనేవారికి కనిపించేలా, సరుకుల పట్టిక కన్నా చిన్నవి కాని అక్షరాల్లో రాయాలని ప్రభుత్వం కొత్త నియమం తెచ్చింది. నియమాలు అచ్చయ్యే పత్రికను ఆమె ఇప్పటికీ తపాలాలో తెప్పించుకుంటుంది. ఈ నియమాన్ని మూడుసార్లు చదివి, అందులో రెండు అచ్చుతప్పులు పట్టి, ఆ శాఖకు ఉత్తరం కూడా రాసింది. కోడలు నవ్వి, "అత్తయ్యా, వాళ్లు మీకు పింఛను ఆపేస్తారు" అంది కూడా.

కొత్త పెట్టె ప్రూఫు వచ్చినప్పుడు ఇంట్లో ఎప్పటి పద్ధతే జరిగింది. అది కొడుకు చిన్నతనం నుంచీ ఉన్న పద్ధతి. ఒకరు మూలప్రతిని కామాలతో, ఫుల్‌స్టాపులతో సహా పైకి చదవాలి. ఆమె ప్రూఫు మీద వేలు జరుపుకుంటూ వింటుంది. లావు అక్షరాలు వచ్చిన చోట చదివేవారు బల్ల మీద రెండుసార్లు తట్టాలి. ఆ రోజు కొడుకే చదివాడు. ఈ వాక్యమూ చదివాడు. ఇప్పుడు తలుచుకుంటే ఆ ఒక్కచోట గొంతు కాస్త తగ్గించి, వేగం కాస్త పెంచాడు. పరిచిన కాగితం మీద వాక్యం ఉంది, ఆమె వేలికి తగిలింది. చుట్టూ ఉన్న చుక్కల గీతలు అచ్చువాళ్ల గొడవ అనుకుంది. మూలన "సరి" రాసి ఇచ్చేసింది.

చుక్కల గీత అంటే మడత అని ఆమెకు తట్టలేదు.

కొడుకు చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ వంటింట్లోకి వచ్చాడు. "అమ్మా, ఇవాళ నాకు టిఫిన్ తినే టైము కూడా లేదు. పదకొండింటికి లారీ. పెద్ద దుకాణాలకు వెళ్లే మొదటి సరుకు."

"కూర్చో."

"నిలబడి తింటాలే."

"తినమని కాదు, కూర్చోమన్నాను." ఆమె పెట్టెను అతని ముందుకు జరిపింది. "ఈ వాక్యం ఎక్కడ అచ్చయింది?"

అతను చూశాడు. పెట్టబోతున్న బొత్తాం మీదే చేయి ఆగిపోయింది. "పెట్టె మీదేగా."

"పెట్టె కింద. జిగురు కింద. నేను చాకు పెట్టి ఊడదీస్తే కనిపించింది. కొనేవాళ్లు దుకాణానికి చాకు పట్టుకుని వెళ్లాలా?"

"నియమంలో పెట్టె మీద అని ఉంది. ఏ వైపో చెప్పలేదు."

"కనిపించేలా అని కూడా ఉంది. ఆ మాటలో అచ్చుతప్పేమీ లేదు. నేను చూశాను."

కోడలు పొయ్యి దగ్గరే నిలబడిపోయింది. ప్యాకింగ్ గది బాధ్యత ఆమెదే. అత్తగారు ఆమె వైపు తిరిగింది. "నీకు తెలుసా?"

"సోయా సంగతి తెలుసు అత్తయ్యా. అమ్మినవాళ్ల ఉత్తరం ఫైల్లో పెట్టింది నేనే. రెక్క సంగతి పెట్టెలు వచ్చాక చూశాను." కోడలు గరిటె కింద పెట్టింది. "చూశాక మూడు రోజులు నోరు మూసుకున్నాను."

"నువ్వు ఊరుకో," అన్నాడు భర్త. తర్వాత తల్లి వైపు తిరిగి, "అమ్మా, ఒక్కటి చెప్పు. ఆ సోయా తింటే ఎవరికైనా ఏమైనా అవుతుందా? చదువుకున్నదానివి. పరీక్షలు చేసినవాళ్లు ఏమంటున్నారో నాకన్నా నీకే బాగా తెలుసు."

"నేను చదివినంతలో ప్రమాదమని తేలలేదు."

"మరి?"

"ప్రమాదం లేనిదాన్ని జిగురు కింద దాచడమెందుకు? ముఖం మీదే పెట్టుకోవచ్చుగా."

"జనం భయపడతారమ్మా! ఆ మాట చూడగానే పెట్టె మళ్లీ అరలో పెట్టేస్తారు. పక్కవాడిది తీసుకుంటారు. వాళ్లకేం తెలుసు?"

"తెలియదు. తెలియనివ్వలేదు కనుక తెలియదు. విషమని నేననలేదు. అమృతమని నువ్వూ అనకు. ఉందని రాయి. భయపడాలా వద్దా అన్నది కొనేవాళ్లు తేల్చుకుంటారు. వాళ్ల బదులు తేల్చేయడానికి నువ్వెవరివి?"

అతనికి కోపం వచ్చింది. "ఆ ప్రూఫు మీద సరి అని రాసింది నువ్వే."

"రాశాను. పరిచిన కాగితం చూసి రాశాను. నా ఉద్యోగమంతటిలో మడతపెట్టే వస్తువు నా బల్ల మీదికి రాలేదు. మడిచి చూడకపోవడం నా తప్పు. నేను మడిచి చూడనని నీకు ముందే తెలుసు. అది నీ తప్పు."

పొయ్యి మీది పాలు పొంగుకొచ్చాయి. కోడలు మంట తగ్గించింది.

"ఎప్పుడూ ఇంతే," అన్నాడు అతను మెల్లగా. "నీ రెండక్షరాలు నీకు ముఖ్యం. వాటికి ఖరీదు కట్టేది మాత్రం మేము. నాకు పదేళ్లప్పుడు ఏదో మందు హెచ్చరికను చిన్న అక్షరాల్లో అడుగున వెయ్యమన్నారని నువ్వు సరి రాయలేదు. మూడు వారాల్లో నీకు బదిలీ. క్వార్టరు ఖాళీ చేశాం. నా బడి పోయింది, స్నేహితులు పోయారు. కొత్త ఊళ్లో ఒక్క గదిలో, పెట్టెల మీద పడుకున్నాం. నీకు గుర్తుందా?"

"ఉంది. కిటికీకి అద్దం లేదు. నువ్వు పాత ప్రూఫులు అంటించావు."

"ఆ రోజే అనుకున్నాను, నా ఇంట్లో ఇలాంటిది జరగనివ్వకూడదని. ఇవాళ నా దగ్గర పన్నెండుమంది పనిచేస్తున్నారు. ఈ సరుకు వెనక్కొస్తే వాళ్లకేం చెప్పమంటావు? మా అమ్మకు ఒక వాక్యం నచ్చలేదని చెప్పనా?"

 ఆ దెబ్బ ఆమెకు తగలవలసిన చోటే తగిలింది. విప్పిన పెట్టెను మళ్లీ మడిచి, ఎర్ర అక్షరాలు పైకి వచ్చేలా అతని ముందు నిలబెట్టింది.

"ఆ రోజు ఇల్లు ఖాళీ చేసి నిలబెట్టుకున్న మాటే ఇది. దాన్నే అచ్చువేసి అమ్ముతున్నావు. ఊరికే వచ్చిన గుర్తయితే నువ్వు వాడేవాడివే కాదు. జనం నమ్ముతున్నది నీ పిండిని కాదు, తప్పుంటే నేను ఒప్పుకోనన్న సంగతిని."

అతను పెట్టె వైపు చూడలేదు. "లారీ పదకొండింటికి," అని, తినకుండానే వెళ్లిపోయాడు.

పదిన్నరకు ఆమె ఇస్త్రీ చీర కట్టుకుని, సంచిలో అరడజను ఎర్ర పెన్సిళ్లు వేసుకుని బయలుదేరింది. కర్మాగారం రెండు వీధుల అవతల, పాత గిడ్డంగిలో ఉంది. ప్యాకింగ్ గది గోడ పొడవునా పెట్టెలు వరుసలు కట్టి ఉన్నాయి. ప్రతి ముఖం మీదా ఆమె చేతిరాతే. ఇన్నిసార్లు తాను ఎప్పుడు సరే అందో ఆమెకు గుర్తులేదు.

ఒక ముక్కాలిపీట లాక్కుని మొదటి వరుస ముందు కూర్చుంది. ఒక పెట్టె ఒళ్లో పెట్టుకుని, "సరి" మీద అడ్డంగా గీత గీసి, చివర మెలికతిప్పి వదిలింది. ప్రూఫు దిద్దేవాళ్ల భాషలో దాని అర్థం, తీసేయండి. పెట్టె పక్కన పెట్టి ఇంకొకటి అందుకుంది.

పనివాళ్ల చేతులు ఆగిపోయాయి. అందరిలో పెద్దదాన్ని వాళ్లు పెద్దక్క అని పిలుస్తారు. ఆ పెద్దక్క దగ్గరకు వచ్చింది. "ఏంటి అమ్మగారూ, మీ సంతకం మీరే కొట్టేస్తున్నారు? ఎవరిమీదన్నా అలిగారా?"

"నామీదే అలిగాను."

"అలిగితే అన్నం మానెయ్యాలి గానీ, అట్టలమీద గీతలేంటి?"

ఎవరో కిసుక్కున నవ్వారు. అప్పటికి కోడలు తలుపు దగ్గర నిలబడి ఉంది. అత్తగారి పెన్సిలు నాలుగో పెట్టె మీదికి జరగగానే, కోడలు వచ్చి నేలమీదే చతికిలబడి, సంచిలోంచి ఒక పెన్సిలు తీసుకుంది. "మెలిక ఎటువైపు తిప్పాలి అత్తయ్యా?"

"కుడివైపు. తొందరపడకు, వంకరగా వస్తోంది."

లారీ వచ్చి ఆగిన చప్పుడు వినిపించింది. దాని వెనకే కొడుకు లోపలికి పరుగెత్తుకొచ్చాడు. గీతలు పడిన వరుసను, నేలమీద కూర్చున్న భార్యను చూశాడు. "ఏం చేస్తున్నారు మీరిద్దరూ? అమ్మా, నీకు మతిగానీ పోయిందా?"

"పెట్టెలు నీవి. అమ్ముకో. అక్షరాలు నావి. అవి వెనక్కి తీసుకుంటున్నాను. నన్ను ఇక్కడినుంచి లేపాలంటే పట్టుకుని ఎత్తాలి. ఎత్తు, చూద్దాం."

అతను ఎత్తలేదు.  అప్పుడు పెద్దక్క అతని వైపు తిరిగింది.

"బాబూ, ఇందులో ఏం దాచారు?"

"ఏం లేదు పెద్దక్కా, నువ్వెళ్లి పని చూసుకో."

"పని చూసుకుంటాను గానీ, నాకు చదువు రాదు. పెట్టెమీద మీరు రాసిందంతా నాకు చీమల బారే. ఈ ఎర్ర రాత ఒక్కటే గుర్తుపడతాను. అది అమ్మగారి చెయ్యి అని తెలుసు కాబట్టి, మా మనవరాలికి పాలు మరిపించినప్పటినుంచీ ఇదే పడుతున్నాను. ఇప్పుడు అమ్మగారే కొట్టేస్తున్నారు. పిల్ల పొద్దున తాగి బడికెళ్లింది. ఏముందో చెప్పండి."

ఆమె గొంతులో నిందలేదు. భయం మాత్రమే ఉంది. పొద్దున అతను జనం జనం అన్నప్పుడు, ఆ జనానికి ముఖం లేదు. ఇప్పుడు ఉంది.

అతను ఒక పెట్టె అందుకుని అడుగు చింపాడు. తడబడుతూ చదివాడు. "ఇందులో... జన్యుమార్పిడి సోయా ఉంది." చదివి, మామూలు మాటల్లో చెప్పాడు. విత్తనంలోనే మార్పు చేసిన సోయా అని, కొత్తగా కొంటున్న చోట అదే దొరుకుతోందని, తిన్నవాళ్లకు చెడు జరిగినట్టు పరీక్షల్లో తేలలేదని.

పెద్దక్క అంతా విన్నది. "అంతేనా?"

"అంతే."

"ఇది ముందే చెబితే పట్టాలో మానాలో నేను చూసుకునేదాన్ని గదా బాబూ. దాచారు కాబట్టి భయమేస్తోంది."

పొద్దున అమ్మ చెప్పిందీ ఇదే. అమ్మ చెప్పినప్పుడు వాదించగలిగాడు. బయట లారీ డ్రైవరు రెండుసార్లు హారను కొట్టాడు. కొడుకు గుమ్మం దాకా వెళ్లి, "ఇవాళ సరుకు లేదు. వెళ్లిపో" అన్నాడు. తిరిగి వచ్చి, తల్లి ముందు నేలమీద కూర్చుని, చేయి చాపాడు. ఆమె పెన్సిలు ఇచ్చింది.

"కుడివైపు మెలిక," అంది కోడలు.

వారం తర్వాత ఆదివారం ఉదయం అదే బల్ల. పెద్ద దుకాణాల వాళ్లు సగం సరుకే చాలన్నారు. మిగతా సగం ఎవరు కొంటారో ఇంకా తెలియదు. పనివాళ్లలో ఎవరినీ మానిపించలేదు. పెద్దక్క మాత్రం రెండురోజులు ఆలోచించుకుని, పిల్లకు మళ్లీ అదే పడుతున్నానని వచ్చి చెప్పింది.

కొడుకు ఈసారి పరిచిన కాగితం తేలేదు. మడిచి, జిగురు పెట్టి, పిండి నింపిన పెట్టె తెచ్చాడు. ఆమె దాన్ని ఆరువైపులా తిప్పి, అడుగు రెక్కను గోటితో గీకి చూసింది.

"నమ్మకం లేదా?" అన్నాడు.

"నేర్చుకుంటున్నాను. చదువు."

అతను మూలప్రతి అందుకున్నాడు. "మొక్కజొన్న పిండి, కామా, సోయా పిండి, కామా, ఉప్పు, ఫుల్‌స్టాప్." పెట్టె ముఖం మీద, ఆమె చేతిరాతకు సరిగ్గా కిందికి వచ్చాడు. ఈసారి గొంతు తగ్గలేదు. "ఇందులో జన్యుమార్పిడి సోయా ఉంది, ఫుల్‌స్టాప్."

బల్ల మీద రెండుసార్లు తట్టాడు.

ఆమె వేలు ఆగింది. "లావు అక్షరాలు నియమం అడగలేదు."

"తెలుసు."

పొయ్యి దగ్గర కోడలు వెనక్కి తిరగకుండా నిలబడింది. పెద్దావిడ కళ్లద్దాలు మసకబారాయి. ఒక గదిలో, అద్దంలేని కిటికీకి పాత ప్రూఫులు అంటిస్తున్న పదేళ్ల పిల్లవాడు జ్ఞాపకం వచ్చాడు. చలికి వణుకుతూ, ఆ ప్రూఫుల్ని పైకి చదువుతూ, గోడమీద తడుతూ. అప్పుడు వాడికి ఒక్క మాటైనా చెప్పలేదు.

"ఆ ఇల్లు వదలడం నీకు ఎంత కష్టమైందో నేను అడగలేదురా," అంది. "అడగాల్సింది."

అతను తల ఊపాడు. 

ఆమె ఎర్ర పెన్సిలు తీసింది గానీ, వెంటనే రాయలేదు. "ఆ వాక్యం ఇంకొక్కసారి చదువు. సరిగ్గా వినపడలేదు."

అతను చదివి, మళ్లీ రెండుసార్లు తట్టాడు. ఆమెకు మొదటిసారే వినపడింది.