బెల్టు పెట్టుకోని ప్యాసింజరు

ఐస్ ఫ్యాక్టరీ దాటేటప్పుడు వెనక్కి చూడకూడదని మా పేటలో అందరికీ తెలుసు. ఎందుకు చూడకూడదో మాత్రం ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు.

ఫ్యాక్టరీ మూతపడి చాలా ఏళ్ళయింది. గేటుకి తాళం, తాళానికి తుప్పు, గోడ మీద సగం చెరిగిపోయిన ఐసుగడ్డ బొమ్మ. వీధిదీపాలు ఆ గేటు దాకానే ఉంటాయి. అక్కణ్ణించి రైల్వే గేటు వరకూ చీకటే. ఆ చీకట్లోనే... ఒకావిడ ఎక్కుతుందట.

పని దిగేసరికి ఆఖరి బస్సు తప్పిపోయిన మనిషట. సైకిలు మీద పోతుంటే వెనక బరువు తెలుస్తుందట. స్కూటరైతే కాస్త ఒరుగుతుందట. మాటా పలుకూ ఉండదు. రైల్వే గేటు రాగానే దిగిపోతుంది. ఎవర్నీ ఏమీ చెయ్యదు పాపం. కానీ ఇంటికెళ్ళాక మూడు రోజులు ముద్ద దిగదని పేపరాయన చెబుతాడు.

ఇదంతా విని మా బావ ఒకటే అనేవాడు.

"సైకిలు ఎక్కుతుంది, సరే. కారెలా ఎక్కుతుంది? తలుపు తియ్యాలిగా."

తర్వాత తెలిసింది. తలుపు అక్కర్లేదట.

బావ కారు గురించి కొంచెం చెప్పాలి. బావని చెప్పనిస్తే తెల్లారిపోతుంది కాబట్టి నేనే చెబుతాను.

అది చవక కారు. కొత్తగా దిగిన రోజుల్లోనే చవక కారు. ఎవరి షెడ్డులోనో అందులో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటుంటే, వాటిని బతిమాలి ఖాళీ చేయించి బావ ఇంటికి తోలుకొచ్చాడు. తోలడం కూడా కాదు, తోసుకొచ్చాడు. మేం దానికి బుడ్డోడని పేరు పెట్టాం. రెండేళ్ళ పాటు మా ఇంట్లో ఆదివారాలన్నీ బుడ్డోడివే. తుప్పు తిన్న రేకు కోసేసి కొత్త రేకు అతికాడు. ముందు చక్రాలకి మంచి బ్రేకులు పెట్టాడు. అగ్గిపుల్లల్లా వెలిగే పాత లైట్లు తీసి పెద్ద లైట్లు బిగించాడు. తుక్కు కొట్టు పెద్దాయన్ని మొహమాటపెట్టి, ఓ కొత్త మోడలు కారులోంచి ముందు సీట్లు రెండూ ఊడదీసి తెచ్చాడు. పక్క సీటు మహా గడుసుది. మనిషి బరువు పడగానే కనిపెట్టేస్తుంది. కూర్చున్న మనిషి బెల్టు పెట్టుకోకపోతే ముందు ఎర్ర దీపం వెలిగి, టింగ్ టింగ్ మని మోగుతుంది.

ఆఖర్న రంగు. పైన రెండు పూతలు. సీట్ల కింద, చాపల కింద, ఎవరి కంటా పడని అడుగు రేకుకి మూడు పూతలు.

"అక్కడెవరు చూస్తారు బావా?"

"వాడికి తెలుస్తుందిగా" అన్నాడు, కుంచె పక్కన పెట్టకుండానే.

ఇంత చేసింది షెడ్డులో పెట్టి ముద్దులాడడానికి కాదు. రోజూ ఆఫీసుకి అందులోనే వెళ్ళాలి, వానైనా ఎండైనా. పొద్దున అక్కని ల్యాబు దగ్గర దింపి, సాయంత్రం ఎక్కించుకోవాలి. అదీ బావ కల.

మా అక్క ల్యాబులో రక్తం పరీక్షలు చేస్తుంది. రోజంతా మెషీన్లతోనే కాపురం. మొదటి నెల్లోనే బుడ్డోడు అక్క దగ్గర ఒక తప్పు చేశాడు. పెట్రోలు ముల్లు సగానికి చూపిస్తూ, ట్యాంకు ఖాళీ అయి నడిరోడ్డు మీద ఆగిపోయాడు. అక్క ఆ రోజు ల్యాబుకి నడిచి వెళ్ళింది. సాయంత్రం వచ్చాక కేకలెయ్యలేదు. అందుకే మాకు భయమేసింది.

"ముసలిబండి అవనివ్వండి, మోత చెయ్యనివ్వండి" అంది బావతో. "కానీ లేనిది ఉందని చూపించే మెషీను నా దగ్గర ఒక్క పూట ఉండదు. ఇంకోసారి అబద్ధం చెబితే తుక్కు కొట్టుకే."

అక్క మాటంటే రాత. బావ ముల్లు బాగుచేశాడు. రెండేళ్ళ ఆదివారాలు ఆ ఒక్క మాటకి వేలాడుతూ ఉండిపోయాయి.

ఇక ఆ సాయంత్రం.

చలికాలం. ఆఫీసు వదిలేసరికే చీకటి పడిపోయింది. బావ ఒక్కడే వస్తున్నాడు, అక్కని ఎక్కించుకోవడానికి. ఐస్ ఫ్యాక్టరీ గేటు దగ్గర వీధిదీపాలు అయిపోయాయి. పెద్ద లైట్లు వేసి ముందుకి పోనిచ్చాడు.

టింగ్...

రేడియో అనుకున్నాడట. బుడ్డోడికి రేడియో లేదు.

టింగ్... టింగ్...

ఎదురుగా ఎర్ర దీపం. పక్క సీటు దీపం. అంటే... పక్కన ఎవరో కూర్చున్నారు. బెల్టు పెట్టుకోలేదు.

బావ తల తిప్పలేదు. మెడ పట్టేసింది అంటాడు గానీ, అది మెడ కాదు, గుండె. పక్కన మాటా పలుకూ లేదు. టింగ్... టింగ్... టింగ్... రైల్వే గేటు దీపాలు కనబడ్డాయి. ఎదర బళ్ళున్నాయని లైట్లు తగ్గించాడు.

మోత ఆగిపోయింది.

దిగిపోయింది.

"ఏంటండీ, మొహం అలా ఉంది?" అంది అక్క ఎక్కుతూ.

"ట్రాఫిక్కు" అన్నాడు.

మర్నాడు సాయంత్రం మళ్ళీ. అదే ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎక్కడం, అదే రైల్వే గేటు దగ్గర దిగడం. పొద్దున పూట ఏమీ లేదు. మూడో రోజు బావ తన సంచీ తీసి వెనక సీట్లో పడేశాడు, ఆవిడకి ఇరుగ్గా ఉంటుందని. నాలుగో రోజు ధైర్యం చేసి, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా మెల్లిగా అడిగాడు.

"కాస్త... బెల్టు పెట్టుకుంటారా అండీ?"

టింగ్... టింగ్...

ఆ రాత్రి షెడ్డులోకి పిలిచి నాకు చెప్పాడు, గుసగుసగా. మరదలికి చెప్పకపోతే ఇంకెవరికి చెబుతాడు. నేను పొట్ట పట్టుకుని నవ్వాను.

"అక్కకి తెలుసా బావా, రోజూ ఇంకో ఆడమనిషిని పక్కన కూర్చోబెట్టుకుని తిప్పుతున్నావని?"

"మెల్లిగా. అక్క వింటుంది."

"ఇంతకీ ఆవిడ ఫ్యాక్టరీ దగ్గర ఎక్కుతోందో, ఆ సీటుతో పాటే తుక్కు కొట్టు నుంచి వచ్చేసిందో."

ఇది బావకి తట్టలేదు పాపం. మొహం తెల్లబడింది. దెయ్యం సంగతి తర్వాత... లేని మనిషిని ఉందని చూపిస్తున్నాడు బుడ్డోడు. అక్క లెక్కలో అది అబద్ధం. అబద్ధమైతే తుక్కే. బావ భయం అదీ.

మర్నాడు నేను కూడా ఎక్కాను, వెనక సీట్లో. దారంతా వేళాకోళం చేస్తూనే ఉన్నాను. ఐస్ ఫ్యాక్టరీ గేటు వచ్చింది...

టింగ్...

"ఇప్పుడు నవ్వవేం?" అన్నాడు బావ, పెదవులు కదపకుండా.

నాకు ముందర ఖాళీ సీటు. సీటు పైన తల ఆనించే దిండు. దిండు పక్కనుంచి అద్దంలో చీకటి. బావ సంచీని గుండెలకి హత్తుకుని కూర్చున్నాను. రైల్వే గేటు దాకా నేను మాట్లాడలేదు. ఈ ముక్క అక్కకి చెబితే అదే అసలు దెయ్యం కథ అంటుంది.

ఆ తర్వాత బావ దారి మార్చేశాడు. బజారు చుట్టూ తిరిగి, దీపాలున్న వీధుల్లోంచి వచ్చేవాడు. ఆవిడ ఎక్కలేదు. కానీ ఇరవై నిమిషాలు ఆలస్యం. అక్క రెండు రోజులు ఊరుకుంది. మూడో రోజు ఇంటికొచ్చి బావని వదిలేసి నన్ను చూసింది.

మా అక్క చూపు ముందు నేను అరనిమిషం కూడా నిలబడలేను. మొత్తం కక్కేశాను.

అక్క అంతా విని చెప్పులు వేసుకుంది. "పదండి."

"ఇప్పుడా?" అన్నాడు బావ.

"చీకటి పడిందిగా. ఆవిడ వచ్చే వేళేగా."

అక్కా నేనూ వెనక కూర్చున్నాం. ముందు సీటు ఖాళీ. బావ ఉరికంబానికి నడిపిస్తున్నట్టు నడిపాడు. వీధిదీపాలు అయిపోయాయి... పెద్ద లైట్లు పడ్డాయి...

టింగ్... టింగ్...

నేను అక్క చెయ్యి పట్టుకున్నాను. అక్క నా చెయ్యి విదిలించుకుని, ముందుకి వంగి, ఖాళీ సీటు బెల్టు లాగి టక్కున పెట్టేసింది.

మోత ఆగింది.

"చెబితే వినే రకమే" అన్నాను.

"నువ్వు నోరుమూసుకో." బెల్టు తీసేసింది. టింగ్. "ఏవండీ, పెద్ద లైట్లు తగ్గించండి."

"ఇక్కడ చీకటి..."

"తగ్గించండి."

తగ్గించాడు. నిశ్శబ్దం.

"వెయ్యండి."

టింగ్...

నాలుగుసార్లు వేయించి, నాలుగుసార్లు తీయించింది. నాలుగుసార్లూ ఆవిడ ఎక్కింది, దిగింది. అలసిపోయి ఉంటుంది పాపం.

ఇంటికొచ్చాక అక్క సీటు వెనక్కి జరిపి, చాప ఎత్తి, టార్చితో దూరింది. కాసేపటికి లోపల్నుంచి మాట వినబడింది.

"ఈ బోల్టు కింద కూడా రంగేశారా?"

బావ నసిగాడు. "రేకు కనబడుతుంటే బాగోలేదని..."

అదీ సంగతి. దీపాలకైనా, సీటుకైనా, వెళ్ళిన కరెంటు తిరిగొచ్చేది కారు రేకు మీంచే. ఆ తీగలన్నీ రేకుని పట్టుకునేది ఆ ఒక్క బోల్టు దగ్గర. బావ ముచ్చటపడి ముందు మూడు పూతలు వేసి, దాని మీద బోల్టు బిగించాడు. మామూలుగా ఎలాగో నెట్టుకొచ్చేది. పెద్ద లైట్లు వేసేసరికి వాటి కరెంటుకి దారి చాలక, సీటు తీగలోకి జొరబడేది. వీధిదీపాలు లేని చోటే పెద్ద లైట్లు వేస్తాడు. కాబట్టి ఆవిడ సరిగ్గా ఐస్ ఫ్యాక్టరీ దగ్గరే ఎక్కేది.

బావ తీర్పు కోసం నిలబడ్డాడు, చేతులు వెనక్కి కట్టుకుని. అక్క గరుకు కాగితంతో బోల్టు కింద రూపాయంత మేర రంగు గీకింది. రేకు మెరిసింది. బోల్టు బిగించి బయటికొచ్చింది.

"ఇది వాడు చెప్పిన అబద్ధం కాదు, మీరు చెప్పించింది. ఈసారికి వదిలేస్తున్నా."

బావ ఆ రాత్రి రెండుసార్లు లేచి వెళ్ళి బుడ్డోణ్ణి చూసొచ్చాడట.

పదిహేను రోజులు హాయిగా గడిచాయి. పాత దారే, పెద్ద లైట్లే, చడీ చప్పుడూ లేదు. నేను కూడా ఏడిపించడానికి ఏమీ దొరక్క కాస్త నీరసపడ్డాను.

పదహారో రోజు సాయంత్రం వాన. ఈ ముక్క బావ చెప్పిందే, నేను లేను. ఐస్ ఫ్యాక్టరీ ముందు ఓ లారీ అడ్డంగా వెనక్కి తిరుగుతోంది. ఎదుటివాడి కళ్ళలో పడతాయని బావ లైట్లు తగ్గించే ఉంచాడు. గేటు ఎదురుగా ఆగాడు. వైపర్లు అటూ ఇటూ...

టింగ్...

బావ లైట్ల స్విచ్చి చూసుకున్నాడు. తగ్గించే ఉన్నాయి. పెద్దవి వేశాడు. టింగ్. మళ్ళీ తగ్గించాడు. టింగ్... మోత మారలేదు.

లారీ తప్పుకుంది. బావ కదిలాడు, తల తిప్పకుండా. గొంతులోంచి ఎలాగో ఒక్క మాట ఊడిపడింది.

"బెల్టు..."

కాసేపు వైపర్ల చప్పుడే.

టక్.

మోత ఆగిపోయింది. ఎర్ర దీపం ఆరిపోయింది.

రైల్వే గేటు దగ్గర మళ్ళీ... టక్. బెల్టు జర్రున లోపలికి పోయిన చప్పుడు.

ఈసారి బావ దాచలేదు. ఇంటికి రాగానే తడిసిన చొక్కాతోనే అక్క ముందు నిలబడి అంతా చెప్పాడు. చెప్పి, "వాడు మళ్ళీ అబద్ధం చెబుతున్నాడు. తుక్కుకిచ్చేద్దాం" అన్నాడు. రెండేళ్ళ ఆదివారాలు ధారపోసిన మనిషి, తన నోటితో తనే.

మర్నాడు అక్క ల్యాబు నుంచి కరెంటు చూసే మీటరు తెచ్చింది. నేను టార్చి పట్టుకున్నాను. రెండు గంటలు పట్టింది. బోల్టు తీసి చూసింది, బిగించింది. తీగలు ఒక్కొక్కటీ పట్టి చూసింది. సీట్లో కూర్చుంది, లేచింది, కూర్చుంది. బెల్టు పెట్టింది, తీసింది. లైట్లన్నీ వేసి, ఆర్పి, మళ్ళీ వేసింది. నీళ్ళు చల్లి మరీ చూసింది.

బావ గుమ్మంలో నిలబడే ఉన్నాడు.

"ఏదో ఒకటి దొరికే ఉంటుందిగా?" అన్నాడు ఆశగా.

"లేదండీ."

"ఎక్కడో చిన్న తుప్పు... తీగ తెగి..."

"ఎక్కడా లేదు. అన్నీ సరిగ్గా ఉన్నాయి." అక్క మీటరు సంచీలో పెట్టుకుంది. కాసేపు ఖాళీ సీటు వంక చూసింది. "వాడు అబద్ధం చెప్పడం లేదు. షరతు షరతే. బుడ్డోడు మన ఇంట్లోనే ఉంటాడు."

టార్చి ఆర్పమని నాకు చెప్పి, షెడ్డు తలుపు దాకా వెళ్ళి ఆగింది.

"ఆ సీటు ఆవిడదేగా. రేపట్నుంచి నేను వెనక కూర్చుంటా" అంది.