సందు వైపు వాకిలి

డెబ్బై తొమ్మిదో సంవత్సరం వానలకు పుంగనూరులోని పాత మట్టిమిద్దె ఒరిగిపోయింది. కొత్త స్థలంలో ఆ ఉదయమే పునాదికి ముగ్గు పోశారు. చుట్టూ నడిచి చూస్తున్న వెంకటముని సందు వైపు ఆగిపోయాడు. తెల్లటి గీత మధ్య మనిషి పట్టేంత ఖాళీ ఉంది.

"ఇదేందప్పా ఈశ్వరప్పా?"

"ఇంకో వాకిలి సామీ. మీ కొడుకే పెట్టమన్యాడు," అన్నాడు కుప్పం నుంచి వచ్చిన మేస్త్రి.

ఆ పక్క ఊళ్లలో ఇల్లు వేరుపడితే ముందు తెరుచుకునేది రెండో వాకిలే. రెండో పొయ్యి ఆ తర్వాత. వెంకటమునికి అన్నీ అర్థమైనట్టే అనిపించింది. కొడుకు మునిరత్నం మదనపల్లెలో కాంట్రాక్టరు దగ్గర ఇళ్ల ప్లాన్లు గీస్తాడు. చీరలు కొనాలంటూ తల్లి తిమ్మక్కను అక్కడికి తీసుకుపోయాడు. ఇద్దరూ ఉత్త చేతులతో తిరిగొచ్చారు. తనను చూస్తే కోడలు సుశీల మాట ఆపేస్తోంది.

అంతలో ముగ్గురూ వచ్చారు. తిమ్మక్క కోడలి చెయ్యి పట్టుకుని నడుస్తోంది. అదీ ఆయనకు నచ్చలేదు.

"ఎప్పుడురా వేరు పోయేది? ముందే సెప్పుంటే రెండిండ్లు కట్టిస్తును గదా!"

"మేం యాడికి పోతాం నాయనా?"

"మరి ఆ వాకిలి ఎవురికి? సందులో కుక్కలకా?"

"మామా, అది..."

"నువ్వుండమ్మా. అత్తను గూడా నీ పక్కకు తిప్పుకున్యావు. గట్టిదానివే!"

ఆయన చెప్పుకాలితో ముగ్గు నెట్టి ఆ ఖాళీని పూడ్చేశాడు.

"వాండ్లతో ఒట్టేయించుకున్నింది నేను. నేనే సెప్తా," అంది తిమ్మక్క. "ఆ వాకిలి నాకు."

"నీకా? యాల?"

"నాకు కండ్లు కనపడ్డం లేదు. ముందు సందెపొద్దున, ఇప్పుడు పట్టపగలు గూడా. ఇంక సూపు రాదన్యాడు మదనపల్లె డాక్టరు. పాతింట్లో పొయ్యికాడ్నుంచి గోడ పట్టుకుంటే సందు వాకిలికి పోతా. ఆడ తిన్నె మీద కూసోని అందరితో సింతకాయలు కొడ్తా. ఆ దోవంతా అట్లనే ఈడ పెట్టినాడు వాడు."

"నాకు యాల సెప్పలేదు?"

"సెప్తే మూల కూసోబెడ్తావు. నీ సంగతి నాకు తెల్దా?"

 వెంకటముని ఇంట్లో ఎవరు ఎవరితో గుసగుసలాడారో అంతా కనిపెట్టాడు. రోజూ తనకు అన్నం పెట్టే చెయ్యి కంచం కోసం తడుముకోవడం మాత్రం కనిపెట్టలేదు.

కోడలి ముఖం చూడలేకపోయాడు. "నన్ను పట్టుకోనీ తల్లీ," అని తిమ్మక్క చెయ్యి అందుకున్నాడు. పొయ్యి వచ్చే చోట ఆమెను నిలబెట్టాడు. "నడువు. పాతింట్లో ఎట్ల పోతావో అట్ల."

ఆమె ఎడమచెయ్యి చాచి, లేని గోడను తాకుతున్నట్టు నడిచింది. ముగ్గులో ముందు ఖాళీ వదిలిన చోటికి కాస్త ఇవతలే ఆగింది.

"గడప ఈడుండల్ల."

వెంకటముని ఆమె పాదాల దగ్గర గొంతుక్కూర్చున్నాడు. 

"ఈశ్వరప్పా, గీతలు సూడొద్దు. ఈమె యాడ నిలబడిందో ఆడనే పెట్టు."